వేళాపాళా లేని బండి

గేటు పడింది. వలిగొండ దాటాక వరి మడుల మధ్య ఉన్న గేటు. పొద్దున్న ఏడు కావస్తోంది. పాల ఆటో ఒకటి, గడ్డి మోపుల ట్రాక్టరు ఒకటి, పది పన్నెండు మోటారు సైకిళ్లు. ముందున్నాయన మెడ సాచి పట్టాల వెంట చూశాడు.

"ఏం బండే?" వెనకనుంచి ఎవరో.

"గూడ్సు."

"ఛ!"

ఇంజన్లు ఆగిపోయాయి. ఒకాయన బీడీ తీశాడు. ఎక్స్‌ప్రెస్ అయితే ఇంజన్ ఆపరు, ఒక కాలు నేలకానించి అట్లాగే ఉంటారు. గూడ్సు అంటే ఎంతసేపో చెప్పలేం. ఆ "ఛ" అన్న అక్షరంలో విసుగుంది, లొంగుబాటు కూడా ఉంది. గేటుకు ఇవతల చిన్న మొరం దిబ్బ మీద కెమెరా పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం, రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నది అదే బండి.

నా పక్కకు బడి సంచీతో ఒక పిల్లవాడు వచ్చి చేరాడు. "సారూ, గిదెందుకు తీస్తున్నరు? ఎనిమిదిన్నరకు మంచి బండొస్తది" అన్నాడు. మంచి బండి అంటే మనుషులున్న బండి. నేను జవాబు చెప్పేలోగా హారన్ వినిపించింది. వాడు వేళ్లు మడిచి డబ్బాలు లెక్కపెట్టడానికి సిద్ధమయ్యాడు. నేనూ అంతే.

గూడ్సుకు టైంటేబుల్ ఉండదు. నా దృష్టిలో దాన్ని చూడ్డంలో ఉన్న మజా అంతా అక్కడే ఉంది. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎప్పుడొస్తుందో ఫోను చెబుతుంది, ఫలక్‌నుమా ఎంత ఆలస్యమో కూడా చెబుతుంది. నేను కాచుకునే రాళ్ల గూడ్సు సంగతి ఏ ఫోనూ చెప్పదు. లైనును చదువుకోవాలి. ప్యాసింజరు వెళ్లిపోయి అరగంటయినా గేటు మళ్లీ పడలేదంటే, పక్క స్టేషన్‌లో ఏదో లూప్‌లో, అంటే దారిచ్చే పక్క పట్టా మీద, నిలబడి ఉందని అర్థం. ఎదురు బండి వచ్చి వెళ్లాక సిగ్నల్ పచ్చగా మారి, గేటు దగ్గర గంట మోగితే, అప్పుడు వస్తుంది. నల్లగొండ వైపు చాలా దూరం ఇంకా ఒంటి లైనే కాబట్టి ఈ దాగుడుమూతలు ఎక్కువ. ఒంటి లైను మీద అందరికీ దారిచ్చి, అందరూ పోయాక కదిలేది గూడ్సు బండే.

2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ మొదటిసారి ఇదే లైను మీదుగా వెళ్లినప్పుడు గేట్ల దగ్గర జాతరే. చేతిలో ఫోను లేనివాడు లేడు. ఆ తెల్లటి బండికి దారి ఇవ్వడానికి ఎన్ని గూడ్సులు ఎన్ని లూపుల్లో ఆగి ఉంటాయో! వాటిని ఎవరైనా ఫొటో తీశారా అన్న కుతూహలం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

డబ్బాలో ఏముంది?

రాళ్ల బండి ముందు తేలిగ్గా మోసం చేస్తుంది. పై అంచు కనిపించే పెద్ద తొట్టి డబ్బాలు, అంటే బాక్స్‌ఎన్ రకం వ్యాగన్లు, గేటు దగ్గర నిలబడి చూస్తే ఖాళీగా ఉన్నట్టే ఉంటాయి. బొగ్గయితే అంచు దాకా వచ్చి కుప్పలా పైకి కనిపిస్తుంది. రాయి బరువు, అందుకని డబ్బా నిండకముందే మోయాల్సిన బరువు నిండిపోతుంది. ఖాళీ బండా, నిండు బండా అని తెలియాలంటే కంటికన్నా చెవిని నమ్మాలి. ఖాళీ డబ్బాలు గలగలలాడుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. నిండువి దడ్, దడ్ అని నేలలోంచి వస్తాయి. కాళ్ల కింది మొరం కూడా ఆ మాట చెబుతుంది. ఇంకా అనుమానం ఉంటే చక్రాల పక్కన స్ప్రింగులు చూడండి. నలిగి ఉంటే లోపల రాయి ఉన్నట్టే.

రోడ్డు ఓవర్‌బ్రిడ్జి మీదనుంచి చూసేవాళ్లకు ఈ చిక్కు లేదు. పైనుంచి చూస్తే ప్రతి డబ్బాలోనూ రెండు మూడు బూడిదరంగు గుట్టలు, లోడరు పోసిన చోట పోసినట్టే, చిన్న కొండల వరసలా సాగిపోతుంటాయి. నా దగ్గరున్న మంచి ఫొటోలన్నీ బ్రిడ్జీల మీద తీసినవే.

డబ్బా పక్కన 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాతి రెండూ ఏ జోన్‌దో, ఆ తర్వాతి రెండూ తయారైన సంవత్సరం. ఆపై నాలుగు వరస సంఖ్య, చివరిది తప్పు రాశారేమో సరిచూసుకునే అంకె. ఈ ఒక్క కిటుకు తెలిస్తే గేటు దగ్గర నిలబడ్డ నిమిషం ఇట్టే గడిచిపోతుంది. ఒకే బండిలో తొంభైల్లో పుట్టిన డబ్బా, పోయినేడు పుట్టిన డబ్బా పక్కపక్కనే వెళ్తుంటాయి. ఇంగ్లండ్‌లో ఇయన్ అలన్ 1942లో ఇంజన్ల నంబర్లతో చిన్న పుస్తకం వేస్తే, పిల్లలు పెన్సిళ్లు పట్టుకుని స్టేషన్ల మీద పడ్డారట. మన పిల్లలకు పుస్తకం అక్కర్లేదు, వేళ్లు చాలు.

నిండు బండిలో సాధారణంగా 58 డబ్బాలు. కొత్త రకం డబ్బా ఒక్కోటి 70 టన్నుల దాకా మోస్తుంది. అంటే బండి మీద నాలుగు వేల టన్నులకు అటూఇటూ. పొడవు 650 మీటర్ల పైమాటే. దీన్నంతా ముందు ఒక్క ఇంజన్ లాగుతుంది. అది డబ్ల్యుఏజీ-9 కావచ్చు, 6,120 అశ్వశక్తిది. అభిమానులు ముద్దుగా 'వాగ్-9' అంటారు. గంటకు 40 కిలోమీటర్ల మీద వచ్చినా గేటు ముందు గడవడానికి నిమిషం. బీడీ వెలిగించినాయన సగం కూడా కాల్చడు. ఆలస్యమంతా బండి రాకముందు, పోయాక ఉంటుంది. తిట్లు మాత్రం బండికి.

మూసీ వెంట, రాయి వెంట

ఈ బీబీనగర్–గుంటూరు లైను మీద నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. బీబీనగర్, వలిగొండ ప్రాంతంలో మూసీ దీనికి తోడవుతుంది. తర్వాత నది తన దారిన, పట్టాలు రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా తమ దారిన పోతాయి. చివరికి కృష్ణ ఒడ్డున మళ్లీ ఇద్దరూ కలుస్తారు. మూసీ వాడపల్లి అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర కృష్ణలో పడుతుంది. పట్టాలు ఆ పక్కనే విష్ణుపురం దాటి వంతెనెక్కి పల్నాడులో దిగుతాయి.

నది మారినట్టే రాయి కూడా దారిపొడవునా మారుతుంది. మొదట్లో భువనగిరి ఏకశిల. అయిదు వందల అడుగుల ఒంటిబండ, మీద త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేర వెలసిన కోట. పగిడిపల్లి దగ్గర బండి మలుపు తిరుగుతుంటే అది వెనక్కి తిరిగి చూస్తున్నట్టే ఉంటుంది. అక్కణ్నుంచి నల్లగొండ దాకా అంతా గ్రానైటే. గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టు గుట్టలు, పరుపు బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. నల్లగొండ ఊరికి రెండు పక్కలా కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట. ఆ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ జిల్లా మనుషుల ఎముకలు వంచిన ఫ్లోరైడు కూడా ఆ రాయిలోంచి నీళ్లలోకి దిగినదేనని గుర్తొచ్చినప్పుడు గుట్టల అందం కాసేపు పక్కకు పోతుంది.

మిర్యాలగూడ దాటి కృష్ణ ఒడ్డుకు చేరేసరికి గుండ్లు మాయం. పలకలు పలకలుగా పొరలు విడే సున్నపురాయి వస్తుంది. పల్నాడు నుంచి ఈ ఒడ్డుకూ పరుచుకున్న రాయి అది. దాన్ని పట్టుకునే సిమెంటు ఫ్యాక్టరీలు పుట్టాయి. విష్ణుపురం దగ్గర బి.వి. రాజు పెట్టిన రాశి సిమెంట్ 1998లో ఇండియా సిమెంట్స్‌కు పోయింది. ఆ ఇండియా సిమెంట్స్ 2024 చివర్లో అల్ట్రాటెక్ చేతికి వచ్చింది. బస్తా మీద పేర్లు మారాయి, కింది రాయి అదే.

ఇక్కడే రాళ్ల బండి రూపం మారుతుంది. ఫ్యాక్టరీ పక్కనే గని కాబట్టి ముడిరాయి రైలెక్కే పని తక్కువ. రాయి కాలి, క్లింకరై, పొడై, బస్తాలకెక్కి, పైకప్పు ఉన్న డబ్బాల్లో బయటికి వస్తుంది. దానికోసం ఎదురు దిశలో బొగ్గు వస్తుంది. విష్ణుపురం దగ్గర అరపూట కూర్చుంటే ఈ ఇచ్చిపుచ్చుకోలు చూడొచ్చు. నల్లటి కుప్పలతో తొట్టి డబ్బాలు లోపలికి, మూసిన తలుపులతో బస్తాల డబ్బాలు బయటికి, తర్వాత ఖాళీ తొట్లు గలగలమంటూ వెనక్కి. టన్ను క్లింకరుకు టన్నున్నర దాకా సున్నపురాయి కావాలి. కాలినప్పుడు స్వచ్ఛమైన సున్నపురాయి బరువులో 44 శాతం బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. అంటే ఇక్కడి కొండ రెండు దారుల్లో ఊరు విడిచిపోతోంది. కొంత పొగగొట్టం పట్టింది, మిగిలింది పట్టాలు పట్టింది. మొదటి దారి ఫొటోలో పడదు.

అసలు సిసలు ముడిరాయి బండి చూడాలంటే కొంచెం పక్కకు పోవాలి. జగ్గయ్యపేట దగ్గర విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత సున్నపురాయి గని ఉంది. కొలిమిలో ఇనుప ఖనిజంలోని మలినాల్ని కరిగించి విడదీయడానికి ఆ రాయి కావాలి. జగ్గయ్యపేట నుంచి మేళ్లచెర్వు, జాన్‌పహాడ్ మీదుగా విష్ణుపురం దాకా పట్టాలు కలిపింది కూడా ప్రధానంగా సిమెంటు కోసమే. జాన్‌పహాడ్ అంటే జనవరిలో సైదులు ఉర్సుకు జనం విరగబడే ఊరు. మిగతా రోజుల్లో ఆ పట్టాల పక్కన గొర్ల మందలు, గొర్ల కాపరులు. ప్లాట్‌ఫారం టీ కోసం వెతకొద్దు, ఇంటి దగ్గర్నుంచే ఫ్లాస్కులో తెచ్చుకోండి.

చక్రం కింది రాయి

ఇప్పటిదాకా చెప్పింది చక్రం మీది రాయి సంగతి. చక్రం కిందా రాయే. రాళ్ల బండ్లలో నా ప్రాణం ఇంకో రకం మీద ఉంది. రైల్వే తన కోసం తాను నడుపుకునే కంకర బండి. ఈ డబ్బాలు మామూలు తొట్లు కావు, కింద తలుపులున్న గరాటులు. బోబివైఎన్ అని రాసి ఉంటుంది. బండి పొడవు తక్కువ, వేగం ఇంకా తక్కువ. లైను మీద మిగతా బండ్లు ఆపి 'బ్లాక్' ఇచ్చాక, ఇది మనిషి నడిచినంత మెల్లగా కదులుతుంటే, పనివాళ్లు కింది తలుపులు తెరుస్తారు. కంకర జలజలా రాలుతుంది. దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో ఎండ పడినప్పుడు, ముక్కుకు తువాలు కట్టుకున్న మనుషులు నీడల్లా కదులుతున్నప్పుడు ఒక్క ఫొటో దొరికినా ఆ రోజు పండగే. నాకు ఇన్నేళ్లలో రెండు దొరికాయి. ఒకటి మసకగా వచ్చింది.

కంకర అంటే ఏ రాయి పడితే ఆ రాయి కాదు. గట్టి రాయి కావాలి, క్రషర్‌లో పగిలి మొనదేలి ఉండాలి, 65 మిల్లీమీటర్లకు అటూఇటూ మొదలుకొని 20 దాకా ఉండాలి. నున్నటి ఏటి గులకరాయి పనికిరాదు, అది జారుతుంది. మొనలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటేనే సిమెంటు స్లీపర్ కదలకుండా ఉంటుంది. స్లీపర్ కింద అడుగు మందం పరుపు. బండి బరువును మెల్లగా మట్టికి పంచుతుంది, వాన నీటిని నిలవనీయకుండా వదిలేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ మొనలు అరిగి, పొడి రాలి, సందులు మూసుకుపోతాయి. అప్పుడు జల్లెడ పట్టే యంత్రం వచ్చి పాతది తీసి, శుభ్రంచేసి, తక్కువైనంత కొత్తది పోయిస్తుంది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల పట్టాలు నీళ్లకు ఇచ్చిన లెక్క చెప్పకుండా ముందుకు పోలేను. 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి మనది హైదరాబాద్ రాష్ట్రమే. రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానంటే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చారు, ఈసారి ఆమోదించారు. శాస్త్రి రాజీనామా అనగానే అందరూ అరియలూరు అంటారు, పాలమూరు పేరు ఎవరికీ గుర్తుండదు. 2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర వరద పట్టాల కింద వంతెనను కోసుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ ఆ నీళ్లలో పడింది. అక్కడా వందమందికి పైగానే. కంకర వానను వదిలేస్తుంది గాని, కట్టను కోసే వరదను ఆపలేదు. వానాకాలం రాత్రుల్లో చేతిలో లాంతరుతో, భుజాన పనిముట్లతో పట్టాల వెంట నడిచే గస్తీ మనిషిని ఆ గేటు దగ్గర ఒకసారి చూశాను. ఫొటో తీయబుద్ధి కాలేదు.

పాలమూరు వైపు

మహబూబ్‌నగర్ లైను తీరు వేరు. నిజాం కాలం మీటర్ గేజి, 1990ల్లో బ్రాడ్‌గేజి అయింది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్లు రెండో లైనూ, కరెంటు తీగలూ పూర్తయి, వందేభారత్ బయల్దేరిన ఆ 2023 ఏప్రిల్ 8నే జాతికి అంకితమయ్యాయి. దాంతో జడ్చర్ల, దివిటిపల్లి దగ్గర లూపుల్లో గంటలు గంటలు పడిగాపులు పడే గూడ్సులు తగ్గాయి. రైల్వేకి మంచిదే. నాలాంటివాడికి నష్టం. ఆగిన బండి దగ్గర డ్రైవర్లు దిగి చెట్టు కింద కూర్చునేవారు, మాటలు కలిసేవి. ఇప్పుడు చేయి ఊపేలోపే పోతారు. పైగా పట్టాల పక్కన వరసగా స్తంభాలు, వాటి మధ్య నుంచి బండిని పట్టడం అంటే కటకటాల వెనక ఏనుగును ఫొటో తీయడమే.

మన్యంకొండ దగ్గర మాత్రం కాళ్లు ఆగుతాయి. పేదల తిరుపతి అంటారు ఆ గుట్టను. గుండ్ల మధ్య నుంచి పట్టాలు సాగే చోట సాయంత్రం అయిదు దాటితే రాయి ఎర్రబడుతుంది, డబ్బాల తుప్పు కూడా అదే రంగుకు వస్తుంది. ఏది గుట్టో, ఏది బండో కాసేపు తెలియదు. దాని తర్వాత దేవరకద్ర. అక్కణ్నుంచి మరికల్, జక్లేర్, మక్తల్ మీదుగా కృష్ణ స్టేషన్‌కు వేసిన కొత్త లైను 2023 అక్టోబర్ 1న పూర్తిగా తెరుచుకుంది. కృష్ణ అంటే బొంబాయి–మద్రాసు పాత మార్గం మీది స్టేషన్. ఆ మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిసింది. ఆ పక్క వాడి, షాబాదు ఊళ్లు. నాపరాళ్ల దేశం, సిమెంటు దేశం. తాండూరు బండలు మన ఇళ్లలో అరుగులకు వచ్చినట్టే, ఇప్పుడు ఆ వైపు సరుకుకు పాలమూరు మీదుగా దగ్గరిదారి దొరికింది.

రాయి మాట ఎత్తి పాలమూరు కూలీని తలవకపోతే అన్యాయం. గుంపు మేస్త్రీ బయానా ఇచ్చి తోలుకుపోతే, ఏ రాష్ట్రంలో ఆనకట్ట కడుతున్నా, కాలువ తవ్వుతున్నా, రైలు కట్ట పోస్తున్నా అక్కడ పాలమూరు గుడిసెలు ఉండేవి. వాళ్లు పగలగొట్టిన రాయి దేశమంతా ఉంది. ఊళ్లో మాత్రం ఎండిన చేను, ముసలి తల్లి. ఒకసారి దేవరకద్ర దగ్గర టీ బండి కాడ తెల్ల మీసాల పెద్దాయన నా కెమెరా తెర మీద కంకర బండి చూసి, "ఈ రాయి మాదే కొట్టుడు" అన్నాడు. ఏ క్వారీ, ఏ ఏడు అని అడిగితే నవ్వాడు. "రాయి కాడ ఏడు ఎవడు రాస్తడు బిడ్డా, దినం కూలి రాస్తరు."

రాయి అవసరం ఇంకా పెరగనుంది. 2023 ఆగస్టు 16న కేంద్ర మంత్రివర్గం గుంటూరు–బీబీనగర్ డబ్లింగుకూ, మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగుకూ ఒకేసారి ఆమోదం తెలిపింది. మొదటిదే దాదాపు 240 కిలోమీటర్లు. మీటరు పట్టాకు ఇంచుమించు రెండు ఘనపు మీటర్ల కంకర కావాలి. నా లెక్కలో అది నాలుగు లక్షల ఎనభై వేల ఘనపు మీటర్లు. కంకర బండ్ల కోసం కాచుకునేవాడికి అది శుభవార్తే. కానీ నా పాత ఫొటోల్లో ఒక బండి వెనక నిండుగా ఉన్న గుట్ట, అదే చోట నుంచి తీసిన కొత్త ఫొటోలో నడుం దాకానే ఉంది. బండిని పట్టడంలో పడి వెనక ఏముందో అప్పుడు చూసుకోలేదు.

ఎక్కడ నిలబడాలి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట. పట్టాల మీదికి, కట్ట మీదికి ఎక్కొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచండి, కరెంటు ఇంజన్ వచ్చేటప్పుడు పెద్దగా చప్పుడు చేయదు. ఓవర్‌బ్రిడ్జి, గేటు బయట, పొలం గట్టు, ఈ మూడూ చాలు. పొలం గట్టయితే రైతును అడిగి. గేట్లు కూడా ఎన్నాళ్లుంటాయో తెలియదు. బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి నాటికి తీసేశారు, ఉన్నవాటి కిందా అండర్‌పాస్‌లు వస్తున్నాయి. నీళ్లు నిండిన ఆ గోతుల్లోంచి బండి కనిపించదు.

పొద్దున్నయితే తూర్పు వైపు నిలబడండి, వెలుగు మీ వెనకనుంచి డబ్బాల మీద పడుతుంది. మధ్యాహ్నం ఇంటికెళ్లి పడుకోండి, పట్టాల మీద ఎండమావి తప్ప ఏమీ రాదు. అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ 1955 నుంచి అయిదేళ్లు వర్జీనియా పల్లెల్లో చివరి ఆవిరి బండ్లను రాత్రిపూట, పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులు తీగలతో కలిపి ఒక్కసారిగా వెలిగించి ఫొటోలు తీశాడు. అతను రైల్వే వాళ్ల అనుమతితో చేశాడు. మీరు అట్లా వెలిగించి డ్రైవర్ కళ్లు జిగేల్‌మనిపించకండి.

మళ్లీ ఆ గేటు దగ్గరికి వద్దాం. ఆ రోజు బండి మెల్లగా వచ్చింది, నిండుగా వచ్చింది. మొరం దిబ్బ అదిరింది. నేను కెమెరాలోంచి కన్ను తీయకుండా నోట్లో లెక్కపెట్టుకుంటున్నాను. చివరి డబ్బా దాటింది, గార్డు డబ్బా దాటింది. ఇప్పుడాయన్ని ట్రైన్ మేనేజర్ అనాలట. గుమ్మంలో నిలబడ్డ ఆయన మా ఇద్దరి వైపు చూసి చెయ్యెత్తాడు. గేటు లేచింది. బీడీ ఆయన ఎప్పుడో పారేసి బండి స్టార్టు చేశాడు.

"యాభై ఎనిమిది" అన్నాను.

"యాభై తొమ్మిది" అన్నాడు పిల్లవాడు.

"గార్డు డబ్బా కలిపినవా?"

"అది బండి కాదా మరి?" అని సంచీ సర్దుకుని గేటు దాటి పరిగెత్తాడు.